కార్డు దొరికింది, స్టాంపేదీ?

యూరప్ వెళ్తున్నామని చెప్పగానే చుట్టాలందరూ చాక్లెట్లు అడిగారు. తణుకులో ఉండే మా మావగారు మాత్రం ఒకే ఒక్క షరతు పెట్టారు.

"వాట్సాప్‌లో ఫొటోలు నాకు పంపొద్దమ్మా. దిగిన ప్రతి దేశం నుంచీ ఒక కార్డు ముక్క రాసి పోస్టులో వెయ్యి. స్టాంపు ఆ దేశానిదే అయ్యుండాలి. దాని మీద ముద్ర కూడా పడాలి."

ఆయన దగ్గర హైస్కూలు రోజుల్లో మొదలుపెట్టిన స్టాంపుల ఆల్బం ఉంది. ఇప్పుడు ఆయనకు డెబ్భై ఆరేళ్ళు. కార్డు ముక్కే కదా అని సరేనన్నాను. ఆ కార్డు ముక్కలు మా ఇరవై రెండు రోజుల ప్రయాణంలో ఎన్ని గంటలు తిన్నాయో నాకూ మా ఆయనకూ తెలుసు.

మేం వెళ్ళింది 2025 సెప్టెంబరులో. బొమ్మల కార్డులకు ఎక్కడా కొదవ లేదు, ప్రతి సందులోనూ స్టాండు నిండా వేలాడుతుంటాయి. కానీ కార్డు అమ్మినవాడిని స్టాంపుందా అని అడిగితే చాలాచోట్ల అడ్డంగా తలూపాడు. మనకు స్టాంపు అనగానే పోస్టాఫీసు గుర్తొస్తుంది. ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్, ఆస్ట్రియాల్లో సిగరెట్ కొట్టుకు వెళ్ళాలి. పొగాకు అమ్మకం అక్కడ ఒకప్పుడు పూర్తిగా సర్కారు చేతిలో ఉండేది. లైసెన్సు ఉన్న ఆ కొట్లలోనే స్టాంపులూ అమ్మడం అప్పటి అలవాటు. మా ఆయన జన్మలో సిగరెట్ ముట్టలేదు. అలాంటి మనిషి ఈ ట్రిప్పులో పొగాకు కొట్ల గుమ్మాలు ఎన్ని ఎక్కారో మా అత్తగారికి ఇప్పటికీ చెప్పలేదు.

ముందు పారిస్. కొట్టు గుర్తు తేలికే. గుమ్మం పైన ఎర్రటి బోర్డు రెండు కొసలూ మొనదేలి వేలాడుతూ ఉంటుంది, దాన్ని వాళ్ళు క్యారెట్ అనే పిలుస్తారు. మేం వెళ్ళిన కొట్టులో ఫ్రాన్స్ లోపలికి పనికొచ్చే స్టాంపులే ఉన్నాయి, విదేశాలకు వెళ్ళేవి అయిపోయాయట. దాంతో పోస్టాఫీసుకు వెళ్ళాం. అక్కడి పసుపు మిషన్‌లో ఇంగ్లీషు ఎంచుకుని, కార్డును తూకం మీద పెట్టి, దేశం పేరు నొక్కి, బ్యాంకు కార్డు గీకితే సరిపడా రేటుతో స్టిక్కరు బయటికొచ్చింది. మొత్తం రెండు నిమిషాల పని. సర్వీసుకు పదికి తొమ్మిది మార్కులు ఇస్తాను. కానీ ఆ స్టిక్కరు సూపర్ బజారులో కూరగాయలు తూచి అంటించే లేబుల్‌కు అన్నదమ్ములా ఉంది. ఆల్బంలో పెట్టుకునేవాళ్ళ కోసమైతే మిషన్ జోలికి పోకండి, కౌంటర్‌లో అడగండి.

అసలు దెబ్బ రోమ్‌లో తగిలింది. మా గది స్టేషన్ దగ్గర, మూడో అంతస్తులో. మనిషి లేడు, తాళం కోడ్ మెసేజ్‌లో వచ్చింది. గది శుభ్రంగానే ఉంది గానీ ఏదైనా అడగాలంటే అడగడానికి ఎవరూ లేరు. అందుకని ఒక బొమ్మల కొట్టులో కార్డులు కొంటూ స్టాంపుల గురించి అడిగాను. కొట్టతను నవ్వుతూ కార్డులూ స్టాంపులూ కలిపి కవరులో పెట్టిచ్చాడు. అదిగో పోస్టు డబ్బా అని కొట్టులోనే ఉన్న డబ్బా చూపించాడు. ఇంత సులువా అని మురిసిపోతూ మూడు కార్డులు అందులో వేసేశాను.

రాత్రి గదిలో మిగిలిన ఒక స్టాంపును లైటు కింద పెట్టి చూశాను. కొలోసియం బొమ్మ, పక్కన క్యూఆర్ కోడ్. ఎంత వెతికినా ఇటలీ పేరు లేదు. ఇటలీ పోస్టు వాళ్ళ ప్రతి స్టాంపు మీదా ఆ దేశం పేరుంటుంది. ఇది ఒక ప్రైవేటు కంపెనీ అమ్మే స్టాంపు. దీన్ని ఆ కంపెనీ డబ్బాలోనే వెయ్యాలి, వీధిలో ఉండే ఎర్ర డబ్బాలో వేస్తే చెల్లదు. మోసం అనలేను, ఆలస్యంగానైనా కార్డు వెళ్తుంది. కానీ అమ్మేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పరు. మూడింటిలో తణుకు చేరింది ఒకటే, అదీ యాభై ఎనిమిదో రోజున, ముద్ర లేకుండా. మావగారు ఫోన్ చేసి, "ఇది స్టాంపా అమ్మా, మందుల డబ్బా మీద లేబులా?" అన్నారు.

మర్నాడు పంతం పట్టి బయల్దేరాం. ముదురు రంగు బోర్డు మీద తెల్లటి 'టి' అక్షరం కనిపిస్తే అది పొగాకు కొట్టు. మొదటి కొట్టులో "ఫినీతీ" అన్నారు, అంటే అయిపోయాయని. రెండో కొట్టు మధ్యాహ్నం కునుకు కోసం మూసేశారు. మూడో కొట్టులో ఓ పెద్దాయన లాటరీ టికెట్ల కింద నుంచి అట్టల ఫైలు తీసి, వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పాడు. "ఇండియా?" అని అడిగి, "జోనా దూయె" అని తనే జవాబు చెప్పుకున్నాడు. ఇటలీ వాళ్ళు లోకాన్ని మూడు జోన్లు చేశారు. యూరప్, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాలు ఒకటి. ఆసియా, ఆఫ్రికా, అమెరికాలు రెండు. ఆస్ట్రేలియా వైపు మూడు. చాలా స్టాంపుల మీద ధర అంకె ఉండదు, జోను పేరే ఉంటుంది. రేటు పెరిగినా పాత స్టాంపు చెల్లుతుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది. వీధి ఎర్ర డబ్బాకు రెండు నోళ్ళుంటాయి, ఎడమది ఊళ్ళోకి, కుడిది మిగతా లోకానికి. మా ఆయన ఆ నోళ్ళ మీది రాత రెండుసార్లు చదివి మరీ వేశారు.

వాటికన్ కథ వేరు. 1929లో వాటికన్ వేరే దేశమైంది, ఆ ఏడాదే సొంత స్టాంపులు వేసుకుంది. సెయింట్ పీటర్స్ చర్చి ముందు మైదానం పక్కనే పోస్టాఫీసు ఉంది. క్యాథలిక్కుల పవిత్ర సంవత్సరం, అంటే జూబిలీ, కావడంతో చర్చిలోకి వెళ్ళే లైను పాములా మెలికలు తిరిగింది, పోస్టాఫీసులో మాత్రం మా ముందు నలుగురే. కౌంటర్‌లో ఉన్నావిడ నాలుగైదు రకాల స్టాంపులు పరిచి, ఏది కావాలో ఎంచుకోమంది. ఈ ట్రిప్పులో ఆ మర్యాద ఇంకెక్కడా దొరకలేదు. పోప్ లేని రోజుల కోసం వాళ్ళు ప్రత్యేకంగా స్టాంపులు వేస్తారని, అవి కొత్త పోప్ వచ్చేదాకానే చెల్లుతాయని మావగారు ముందే చెప్పి పంపారు. 2025 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్ పోయారు, మే 8కల్లా కొత్త పోప్ ఎన్నికయ్యారు కాబట్టి ఆ ముచ్చట మాకు దక్కలేదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే. వాటికన్ స్టాంపు అంటించిన కార్డును వాటికన్ డబ్బాలోనే వెయ్యాలి. మైదానం దాటి నాలుగడుగులు వేస్తే ఇటలీ, అక్కడ అది చెల్లదు. మా కార్డు పదహారు రోజుల్లో ఇల్లు చేరింది, గుండ్రటి ముద్ర చక్కగా పడింది.

స్విట్జర్లాండులో డబ్బు తప్ప ఇంకే కష్టమూ లేదు. యుంగ్‌ఫ్రాయోక్ కొండ మీదికి వెళ్ళే రైలు టికెట్టు డబ్బుతో ఇద్దరం హైదరాబాద్ నుంచి గోవా వెళ్ళి రావచ్చు. 3,454 మీటర్ల ఎత్తున, యూరప్‌లోకెల్లా ఎత్తైన ఆ రైల్వే స్టేషన్‌లో పోస్టు డబ్బా ఉంది. కొండ మీద దొరకవేమోనని స్టాంపులు కింద ఇంటర్‌లాకెన్‌లోనే కొనేశాం. పైకెళ్ళి చూస్తే అక్కడి కొట్టులోనూ అమ్ముతున్నారు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి 'తణుకు' స్పెల్లింగ్ తప్పు రాసినా తొమ్మిది రోజుల్లో చేరింది, అన్నిటికంటే వేగంగా. ఆ స్టాంపు మీద స్విట్జర్లాండ్ అని ఎక్కడా ఉండదు, హెల్వెషియా అని ఉంటుంది. నాలుగు అధికార భాషల దేశం కదా, ఏ ఒక్క భాషలో రాసినా మిగతా ముగ్గురూ అలుగుతారని లాటిన్‌లో వేసుకున్నారు.

బెర్న్‌లో రెండు గంటలు దిగాం. అక్కడి పార్కులో భూగోళం చుట్టూ అయిదు ఖండాల స్త్రీ మూర్తులు ఉత్తరాలు ఒకరికొకరు అందించుకుంటున్న శిల్పం ఉంది. 1874లో దేశాలు ఆ ఊళ్ళోనే కూర్చుని పోస్టు ఒప్పందం చేసుకున్నాయి. అందుకే మనం ఒక్క దేశం స్టాంపు అంటిస్తే చాలు, దారిలో ఉన్న దేశాలన్నిటికీ విడివిడిగా కట్టక్కర్లేదు. ఇండియా 1876లో చేరింది. గైడు పుస్తకాల్లో దీనికి ఒక్క లైను మించి ఉండదు. మా ఆయన మాత్రం అక్కడే బెంచీ మీద కూర్చుని పులిహోర ప్యాకెట్ విప్పారు.

ఈ ట్రిప్పులో బసకు మొదటి మార్కు వియన్నాదే. పాత ఇల్లు, లిఫ్టు మూలుగుతూ కదులుతుంది, గది చిన్నది, కానీ కింద మాట్లాడడానికి ఇంటావిడ ఉంది. కార్డులు చూడగానే ఆవిడ, "వీధి చివర ట్రాఫిక్ ఉంది, వెళ్ళండి" అంది. నేను రోడ్డు మీద ట్రాఫిక్ అనుకున్నాను. ఆస్ట్రియాలో ఆ మాటకు సిగరెట్లు, పేపర్లు, ట్రామ్ టికెట్లు, స్టాంపులు అమ్మే కొట్టు అని అర్థం. ఈ కొట్ల లైసెన్సులు ఇవ్వడంలో వికలాంగులకు మొదటి ప్రాధాన్యం ఉంటుంది. మేం వెళ్ళిన కొట్టులో కూడా చక్రాల కుర్చీలో ఉన్నాయనే చేయి చాచి డ్రాయరు లాగి స్టాంపులు తీశాడు. మన దేశం పేరు వినగానే, "ఇండియాకు కార్డా? ఇంకా రాసేవాళ్ళున్నారా!" అని మురిసిపోయాడు. అసలు పోస్టు కార్డు పుట్టిందే ఆ దేశంలో, 1869 అక్టోబరు 1న. మన కార్డు ముక్క తాతగారి ఊరు అన్నమాట. పదకొండు రోజుల్లో చేరింది.

ప్రాగ్‌లో మా అపార్ట్‌మెంటు తాళం మళ్ళీ గోడకున్న పెట్టెలో ఉంది. రోమ్ గుర్తొచ్చి నేరుగా యిండ్రిష్‌స్కా వీధిలోని పెద్ద పోస్టాఫీసుకే వెళ్ళాం. స్టాంపు అక్కర్లేకపోయినా ఆ హాలు చూడడానికి వెళ్ళొచ్చు. పైన గాజు కప్పు, గోడల నిండా రంగుల బొమ్మలు, కింద మన బ్యాంకుల్లోలా టోకెన్ మిషన్. అందులో ఏ బటన్ నొక్కాలో తెలియక నిలబడితే వెనకున్న కుర్రాడు నొక్కిపెట్టాడు. చెక్ వాళ్ళు జోన్లు కూడా పెట్టుకోలేదు. 'ఇ' అక్షరం ఉంటే యూరప్‌కు, 'జెడ్' ఉంటే మిగతా లోకానికి. చెకొస్లొవేకియా మొదటి స్టాంపు బొమ్మ 1918లో గీసింది పేరున్న చిత్రకారుడు ఆల్ఫోన్స్ మూఖా. అప్పటి నుంచీ వాళ్ళకు స్టాంపు మీద శ్రద్ధ ఎక్కువే అనిపించింది, మాకు దొరికిన స్టాంపుల్లో అందమైనది అక్కడిదే.

బెర్లిన్‌లో తమాషా చూశాం. స్టేషన్ దగ్గర పాత పసుపు మిషన్‌లో నాణేలు ఎక్కువ వేస్తే చిల్లర బదులు చిన్న విలువ స్టాంపులు ఇచ్చింది. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే మన కిరాణా కొట్టువాళ్ళు గుర్తొచ్చారు. ఆ చిల్లర స్టాంపులన్నీ కార్డు మీద వరుసగా అంటించేశాను. రాయడానికి చోటు మిగల్లేదు, "కులాసా" అని మాత్రం రాశాను.

చివరికి కోపెన్‌హాగన్, మా పిన్ని కొడుకు ఇంట్లో నాలుగు రోజులు. పోస్టు డబ్బా ఎక్కడరా అని అడిగితే వాడు నవ్వాడు. "అక్కా, నేనిక్కడికొచ్చి ఆరేళ్ళు. ఒక్క ఉత్తరం వేసింది లేదు." బయటికెళ్తే సంగతి తెలిసింది. 1624లో మొదలైన ప్రభుత్వ పోస్టు ఆ ఏడాది, అంటే 2025, చివరితో ఉత్తరాల బట్వాడా ఆపేయాలని నిర్ణయించింది. దేశంలోని దాదాపు 1,500 ఎర్ర డబ్బాలను జూన్ నుంచే పీకేయడం మొదలుపెట్టారు. అప్పటికి దేశం లోపలి ఉత్తరానికే 29 క్రోనర్లు ఉండేది, మన లెక్కలో నాలుగొందల రూపాయలకు దగ్గర. అంత ధరకు ఎవరు రాస్తారు? ఎవరూ రాయకపోతే ధర ఎలా తగ్గుతుంది? వాళ్ళ వీధి మలుపులో డబ్బా ఉన్న చోట నేల మీద నాలుగు బోల్టు రంధ్రాలు మిగిలాయి.

సూపర్ మార్కెట్ లోపల పార్సెళ్ళు ఇచ్చే కౌంటర్ ఉంటే అక్కడ స్టాంపు అడిగాం. కౌంటర్ పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయేమో, డ్రాయర్లన్నీ వెతికి, లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చి చివరికి తెచ్చింది. కార్డు అక్కడే రాసి ఆమె చేతికే ఇచ్చాం.

పదిహేడో రోజున తణుకు పోస్టుమాన్ దాన్ని తీసుకెళ్ళి మావగారికి ఇచ్చాడట. డెన్మార్క్‌లో ఇంక ఈ పోస్టు ఉండదట మావయ్యా, దాచుకోండి అని ఫోన్‌లో చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అదంతా సరేగానీ, ముద్ర సగమే పడిందమ్మా" అన్నారు.