వలందాల రాళ్లు వెతుక్కుంటూ: భీమిలి, బందరు, పులికాట్, చెన్నై

ముందే చెప్పేస్తాను, మీకు ఒక్క రోజే వీలైతే పులికాట్ వెళ్లండి. భీమిలి, బందరు తర్వాత చూసుకోవచ్చు. నేనూ మా బాబాయీ డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టుకుని ఈ తీరం వెంట డచ్చివాళ్ల (నెదర్లాండ్స్ నుంచి వచ్చిన వర్తకులు, పాత తెలుగులో వలందాలు) సమాధులన్నీ చూసుకుంటూ వచ్చాం, చివర్లో చెన్నై కోటలోని చర్చి కూడా కలిపాం. ఇంటికొచ్చాక ఎవరడిగినా నా నోట్లోంచి మొదట వచ్చేది పులికాట్ పేరే.

బాబాయి ముప్పై ఏళ్లు రాతిపని చేశాడు. శంకుస్థాపన ఫలకాలు, గుడి మెట్ల మీద దాతల పేర్లు, సమాధి రాళ్లు, అన్నీ ఉలి పట్టుకుని కొట్టినవే. మెషీన్లొచ్చాక మానేశాడు. ఒకరోజు ఫోన్‌లో పులికాట్ రాయి ఫొటో చూపిస్తే పెద్దది చేసి చేసి చూసి, "ఇది దగ్గర్నుంచి చూడాలిరా" అన్నాడు. ట్రిప్ అలా మొదలైంది.

భీమిలికి విశాఖ నుంచి 900కె బస్సులో వెళ్లాం. కారు మాట్లాడుకోవాల్సిన పనే లేదు, బస్సు దారిలోనే సముద్రం కనిపిస్తుంది. ఇక్కడి సమాధులు ఇటుక, సున్నంతో కట్టినవి, పైకి కొనదేరి చిన్న చిన్న స్తంభాల్లా నిలబడి ఉంటాయి. సముద్రం పక్కనే కాబట్టి ఉప్పుగాలికి పూత రాలిపోయి లోపలి ఇటుక బయటపడింది. చదవడానికి మిగిలింది తక్కువ. చూడ్డానికి బాగుంటుంది కానీ రాళ్ల కోసం వెళ్లినవాళ్లకు గంట చాలు. దగ్గర్లోనే సెయింట్ పీటర్స్ చర్చి ఉంది, అది డచ్చివాళ్లది కాదు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు కట్టింది. రాత్రికి విశాఖలోనే ఉండండి, అక్కడ గదులకు కొదవ లేదు.

బందరు సంగతి వేరు. డచ్చి కంపెనీ 1602లో పుడితే 1605కల్లా బందరులో కొట్టు తెరిచింది, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. గోల్కొండ రాజ్యానికి ఇదే పెద్ద రేవు, ఇక్కడి అద్దకం బట్టలు తీసుకెళ్లి తూర్పు దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా) మిరియాలు, జాజికాయ, లవంగాలు కొనేవాళ్లు. డచ్చివాళ్లను మన పాతవాళ్లు వలందాలు అనేవారు, ఫ్రెంచివాళ్లను పరాసులు అనేవారు. ఆ పేర్లు పుస్తకాల్లోనే కాదు, ఊళ్లో ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఆటో అతనితో వలందపాలెం అన్నా, పరాసుపేట అన్నా, ఇంగ్లీషుపాలెం అన్నా ఇంకో మాట అడక్కుండా తీసుకెళ్తాడు. నాకు ఒళ్లు జలదరించింది ఆ ఆటోలోనే.

బందరు డచ్చి సమాధుల్లో పెద్ద పెద్ద పలకలు ఉన్నాయి, వాటి మీద ఆ కుటుంబాల రాజముద్రల్లాంటి బొమ్మలు, కింద అక్షరాలు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ ఊళ్లో, చుట్టుపక్కల సుమారు 30,000 మంది పోయారు. అంత పోయిన ఊళ్లో ఈ పలకలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయంటే వాటిని ఎంత లోతుగా కొట్టారో అనుకున్నాం. సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా సమాధి కథ ఊళ్లో ఎవరైనా చెబుతారు, అది సైన్యంలో పనిచేసిన ఒకాయన ప్రేమకథ, డచ్చివాళ్లకు సంబంధం లేదు, అయినా వెళ్లిరండి.

బస మాత్రం బందరులో మమ్మల్ని బాగా ఏడిపించింది. ఆన్‌లైన్‌లో 1,800 కట్టి ఏసీ గది బుక్ చేస్తే, వెళ్లాక ఏసీ రిపేరు అన్నారు, గీజర్ పనిచేయలేదు, దుప్పట్లు తడితడిగా ఉన్నాయి, తేడా డబ్బులు వెనక్కివ్వమంటే రేపు ఓనరుగారు వస్తారు అని దాటేశారు. బాబాయికి మోకాళ్ల నొప్పి, చన్నీళ్లతో స్నానం చేయాల్సి వచ్చింది. నా సలహా, విజయవాడలో గది తీసుకుని పొద్దున్నే బస్సెక్కండి, రెండు గంటల ప్రయాణం. తిరిగొచ్చేటప్పుడు తొక్కుడు లడ్డూ తెచ్చుకోండి, దాని విషయంలో ఏ ఫిర్యాదూ లేదు.

ఇక పులికాట్. మనవైపు నుంచి వెళ్లేవాళ్లు సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగితే చాలు, అక్కడి నుంచి బస్సు, సుమారు 20 కిలోమీటర్లు. బస్సు మీద పేరు పళవేర్కాడు అని ఉంటుంది. ఊళ్లో ఉండటానికి చెప్పుకోదగ్గ బస లేదు, చెన్నైలోనో సూళ్లూరుపేటలోనో దిగి పొద్దున్నే వెళ్లాలి. భోజనం మార్కెట్ దగ్గర చిన్న హోటల్లో చేశాం, చేపల పులుసు అన్నం, ఆకు నిండా వడ్డించి తక్కువే తీసుకున్నారు, తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబిచ్చారు. సరస్సులో పడవ ఎక్కమని చాలామంది అడుగుతారు. లైఫ్ జాకెట్లు కనపడలేదు, మేం ఎక్కలేదు, మీరూ ఎక్కకండి.

డచ్చివాళ్లు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు, 1690 దాకా ఈ తీరంలో వాళ్ల వ్యాపారానికి ఇదే రాజధాని. కోట ఇప్పుడు ముళ్లపొదలే. దానికి ఎదురుగా ఉన్న సమాధుల తోట మాత్రం చూసి తీరాలి. గేటుకు చెరోవైపు రాతి అస్థిపంజరం నిలబడి ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పండి. లోపల 70కి పైగా సమాధులు. బాబాయి గేటు దగ్గరే పావుగంట ఆగిపోయి పక్కటెముకలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టాడు.

లోపల ఒక పలక పక్కన కూర్చుని నాతో అన్నాడు, "మేం అక్షరాన్ని లోపలికి కొడతాం. వీళ్లు అక్షరాన్ని వదిలేసి చుట్టూ ఉన్నదంతా తీసేశారు. అక్షరం పైకి ఉబికి ఉంది చూడు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ఆ గీత ఎగిరిపోద్ది, అంతే, పలక మొత్తం దండగ."

"ఎన్ని రోజులు పడుతుంది బాబాయ్?"

"నాకైతే ఈ ఒక్క వరసకే వారం."

వేలు పెట్టి చూశాను, అక్షరం అంచు ఇప్పటికీ చర్మానికి గుచ్చుకుంటోంది. ఒకచోట మాట చివర జాగా చాలక ఒక అక్షరం పొట్టలో ఇంకో చిన్న అక్షరం ఇరికించాడు ఆ శిల్పి. అంచు చుట్టూ ఉన్న లత చూసి, "ఇది మన గుడి ద్వారబంధం చేతిపనే, చెక్కింది మనవాళ్లేరా, నమూనా వాళ్లిచ్చి ఉంటారు" అన్నాడు. అది ఆయన ఊహే, కానీ ఆయన చేతులు ముప్పై ఏళ్లు ఆ పని చేశాయి కాబట్టి నేను నమ్ముతున్నాను.

నాలుగు మాటలు తెలిస్తే ఈ పలకలు సగం అర్థమవుతాయి. "హియర్ లైట్ బెగ్రావెన్" అంటే ఇక్కడ ఖననమై ఉన్నారు అని. "కూప్‌మన్" అంటే వర్తకుడు, "ఓపర్‌కూప్‌మన్" అంటే పెద్ద వర్తకుడు, ఇవి కంపెనీలో ఉద్యోగ హోదాలు. "ఔట్" అని వచ్చాక వయసు ఉంటుంది, చాలాచోట్ల సంవత్సరాలతో ఆగరు, నెలలు, రోజులు కూడా లెక్కగట్టి వేస్తారు. ఇల్లు వదిలి ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చిన మనుషులు, ఇక్కడ జ్వరం వచ్చి పోయినవాళ్లకు ఆ రోజుల లెక్క కూడా ఎవరో రాసిపెట్టారు. రాళ్లు ఎక్కువగా వర్తకులవీ, అధికారులవీ, వాళ్ల భార్యాపిల్లలవీ. మామూలు నావికుడు సముద్రం మీద పోతే సముద్రంలోకే. ఇదే రేవు నుంచి బట్టల మూటలతో పాటు మనుషుల్ని కూడా బానిసలుగా బటావియా (ఇప్పటి జకార్తా) ఓడలెక్కించారు, వాళ్ల పేర్లు ఈ తోటలో ఎక్కడా లేవు. అందమైన ఆ రాజముద్రలు చూస్తున్నంతసేపూ ఆ విషయం నన్ను వదల్లేదు.

చివరి రోజు చెన్నైలో సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చి, 1680 నాటిది. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, లోపలికి వెళ్లేటప్పుడు తనిఖీ ఉంటుంది. చర్చి చుట్టూ ఆవరణలో సమాధి పలకలు పరిచి ఉంటాయి, కానీ వాటి కింద ఎవరూ లేరు. అసలు శ్మశానం ఇప్పటి లా కాలేజీ వైపు ఉండేది, 1758-59 ముట్టడిలో ఫ్రెంచివాళ్లు ఆ సమాధుల చాటు నుంచే కాల్పులు జరిపారని తర్వాత ఇంగ్లీషువాళ్లు వాటిని తీయించి పలకలు ఇక్కడికి తెచ్చారు. హైదర్ అలీతో యుద్ధమప్పుడు వాటినే ఫిరంగుల కింద పరిచారు కూడా. 1652 నాటి ఎలిజబెత్ బేకర్ పలక ఇక్కడే ఉంది. వేళ ఉంటే అర్మీనియన్ వీధిలోని చర్చికీ వెళ్లండి, అర్మీనియా వర్తకుల పలకలు నేల మీదే ఉంటాయి, చాలా ప్రశాంతమైన చోటు.

వెళ్లేవాళ్లు పొద్దున 7, 8 మధ్యనో సాయంత్రం 4 దాటాకో చూడటానికి ప్రయత్నించండి, తెరిచే వేళలు మాత్రం ముందే కనుక్కోండి. ఎండ నడినెత్తిన ఉంటే అక్షరం కనపడదు, ఏటవాలు వెలుతురులో నీడ పడి అదే లేచి నిలబడుతుంది. చిన్న టార్చి ఉంటే పలక పక్కన నేలకు ఆనించి వెలిగించండి, అదే పని చేస్తుంది. బూట్లు వేసుకోండి, గడ్డిలో పాములుంటాయి. అక్షరాలు కనపడ్డం కోసం సుద్దా, పౌడరూ రుద్దకండి. భీమిలిలో ఎవరో అలా రుద్దిన రాయి చూసి బాబాయి తన తువ్వాలు తడిపి చాలాసేపు తుడిచాడు, అయినా తెలుపు పూర్తిగా పోలేదు.