ఎనేబుల్ పిన్ ఉన్న చిన్న ఎల్‌డీఓ, నాలుగేళ్లు వాడాక

ఐదు కాళ్ల చిన్న ఎల్‌డీఓ (ఇన్‌పుట్ వోల్టేజ్‌ని తగ్గించి స్థిరంగా ఇచ్చే రెగ్యులేటర్ చిప్) ఇది, అవుట్‌పుట్ 3.3 వోల్టులు, ఇన్‌పుట్ గరిష్ఠం 6. నాలుగేళ్లుగా సెన్సర్ బోర్డుల్లో ఇదే వాడుతున్నా. రెగ్యులేటర్‌గా వంక పెట్టడానికేం లేదు, నాయిస్ తక్కువ, వేడెక్కదు, ఆఫ్ చేస్తే బ్యాటరీని దాదాపు తాకదు. కానీ నాకు పోయిన మూడు చిప్‌లలో రెండు ఎనేబుల్ పిన్ (చిప్‌ని ఆన్, ఆఫ్ చేసే కాలు) వల్లే పోయాయి, అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నా.

డేటాషీట్‌లో అబ్సల్యూట్ మాక్సిమమ్ (దాటితే చిప్ పాడయ్యే హద్దుల) టేబుల్ చూడండి, ఎనేబుల్‌కి "ఇన్‌పుట్ ప్లస్ 0.3 వోల్టులు" అని ఉంటుంది. నేను మొదట్లో ఆ లైన్‌ని 6 వోల్టులనే చదువుకున్నా. కాదండీ, ఆ క్షణంలో ఇన్‌పుట్ పిన్ మీద ఎంతుందో దానికి 0.3 పైన, అంతే. ఇన్‌పుట్ సున్నా అయితే ఎనేబుల్ మీద 0.3 దాటకూడదు! నా బోర్డులో ఎనేబుల్‌ని నడిపే కంట్రోలర్ చిప్‌కి వేరే 5 వోల్టుల సప్లై, సెన్సర్ వైపు బ్యాటరీ తీసేసినా కంట్రోలర్ ఎనేబుల్‌ని హైలోనే (ఆన్‌లోనే) ఉంచేది. ఒకరోజు చూస్తే బ్యాటరీ నా చేతిలో ఉంది, బోర్డు మీద ఎల్‌ఈడీ మాత్రం మసగ్గా వెలుగుతోంది. మీటర్ పెడితే ఇన్‌పుట్ లైన్ మీద 4.1 వోల్టులు. చిప్ లోపలి ప్రొటెక్షన్ డయోడ్ (పిన్‌ని కాపాడటానికి పెట్టింది) గుండా ఎనేబుల్ నుంచి ఇన్‌పుట్‌లోకి కరెంట్ ఎక్కుతోంది, అంటే బోర్డు మొత్తాన్ని కంట్రోలర్ పిన్ ఒక్కటే మోస్తోంది. పోనీ చిప్ వెంటనే పోతే తెలిసేది, అలా పోదు, 3.3 సరిగ్గానే వస్తుంటుంది, ఆఫ్‌లో తాగే కరెంట్ మాత్రం వారం వారం పెరుగుతుంది. రెండు చిప్‌లు అలాగే పోయాయి.

ఎనేబుల్‌కి సిరీస్‌లో 47 కే (కిలో ఓమ్‌ల) రెసిస్టర్ పెట్టా. ఇప్పుడు ఎంత తప్పు జరిగినా ఆ దారిలో పోయేది 0.1 మిల్లీయాంప్ లోపే. అసలు మందు మాత్రం బ్యాటరీ లేనప్పుడు కంట్రోలర్ ఆ పిన్‌ని లో (సున్నా వోల్టులు) చేయడమే, ఫర్మ్‌వేర్‌లో (కంట్రోలర్ ప్రోగ్రామ్‌లో) అదీ మార్చా.

మూడోది పొడుగు వైరుతో 5 వోల్టుల అడాప్టర్ తగిలించగానే పోయింది. ఎనేబుల్‌ని నేరుగా ఇన్‌పుట్‌కే కట్టేశా కదా, ఇక భయమేముంది అనుకున్నా. కానీ ఇన్‌పుట్‌లో సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే ఉంటే వైరు ఇండక్టెన్స్‌తో (కరెంట్ మార్పుని అడ్డుకునే గుణంతో) కలిసి వోల్టేజ్ ఒక్కసారిగా దాదాపు రెట్టింపుకి ఎగురుతుంది, ఆసిల్లోస్కోప్‌లో నేను చూసింది 9 వోల్టుల పైనే. పక్కన 22 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ పెట్టాక ఆ ఎగురుడు ఆగింది. దీనికి 47 కే ఒక్కటే చాలదు, అది ఇన్‌పుట్ పిన్‌ని కాపాడదు.

ఎనేబుల్‌ని దేనికీ కట్టకుండా గాల్లో వదిలేయొద్దు, కొన్ని చిప్‌లలో లోపల పుల్‌డౌన్ (పిన్‌ని సున్నాకి లాగి ఉంచే రెసిస్టర్) ఉంటుంది, కొన్నిట్లో ఉండదు.

అన్ని చిప్‌లూ ఇంత సున్నితం కాదు. ఎంఐసీ5205 డేటాషీట్‌లో ఎనేబుల్ అబ్సల్యూట్ మాక్సిమమ్ ప్లస్ 20, మైనస్ 20 వోల్టులు, అయినా వాడకానికి చెప్పింది సున్నా నుంచి ఇన్‌పుట్ వరకే. కొన్నిట్లో ఇన్‌పుట్ చాలా వోల్టులు తట్టుకుంటుంది, ఎనేబుల్ మాత్రం 6 దగ్గరే ఆగిపోతుంది, అలాంటిదాన్ని 12 వోల్టుల బ్యాటరీ మీద పెడితే 100 కే, 47 కే రెసిస్టర్లతో డివైడర్ (వోల్టేజ్‌ని పంచి తగ్గించేది) వేయండి, బ్యాటరీ మీద 14.4 వచ్చినా పిన్ మీద 4.6 దగ్గరే ఉంటుంది.

మార్పులు చేసిన బోర్డులు రెండేళ్లుగా నడుస్తున్నాయి, ఆఫ్ కరెంట్ మొదటి రోజు ఎంతుందో ఇప్పటికీ అంతే.