పిల్లలకి పరిణామం చూపించాలంటే కోరింగ మడ అడవా, జ్వాలాపురం బూడిదా?

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అనే పాఠం 2023 నాటికి ఒట్టి ‘అనువంశికత’గా మిగిలింది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. పుస్తకంలో లేకపోతే మనమే చూపిద్దాం అనుకుని ఒక చలికాలం సెలవుల్లో మా అక్క పిల్లలిద్దర్నీ రెండు చోట్లకీ తీసుకెళ్లాను. పిల్లాడు ఆరో తరగతి, అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండిట్లో ఒక్కదానికే వెళ్లే వీలుంటే ఏది మేలో చెప్తాను.

కోరింగ కాకినాడకి 20 కిలోమీటర్ల లోపే. చెక్క వంతెన మీద నడుస్తుంటే కిందంతా బురద, అందులోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ చెట్ల శ్వాసవేర్లు. నీళ్లు తీశాక బురదలో గెంతే చేపలు బయటికొస్తాయి, మడ్‌స్కిప్పర్లంటారు. ముందు వాజాల్ని మోచేతుల్లా ఊని పాకుతాయి, ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ ఊపిరి తీసుకుంటాయి. మావాడు వంతెన మీద బోర్లా పడుకుని అరగంట చూశాడు, తర్వాత అడిగాడు, “ఇవి కొన్నాళ్లకి కప్పలైపోతాయా పిన్నీ?”

అసలు పాఠం అక్కడే మొదలైంది. అవవు. నేల మీదికొచ్చి నాలుగు కాళ్ల జంతువులకి పూర్వీకులైన చేపలు వేరు, ఆ కథ 35 కోట్ల ఏళ్ల కంటే పాతది, ఇవి చాలా తర్వాత వేరే కొమ్మలో వచ్చి అదే ఇబ్బందికి తమ దారి తాము వెతుక్కున్నాయి. ‘వెతుక్కున్నాయి’ అనడం కూడా తప్పే. పాకాలని కష్టపడితే వాజాలు మారలేదు, ఏ తరంలోనైనా పిల్లల మధ్య చిన్న చిన్న తేడాలుంటాయి, బురదలో బతకడానికి పనికొచ్చిన తేడా ఉన్నవి ఎక్కువ పిల్లల్ని మిగుల్చుకున్నాయి, అలా లెక్కలేనన్ని తరాలు. కళ్ల ముందు చేప ఉంది కాబట్టి ఇంత మాట వాడికి ఎక్కింది.

జ్వాలాపురం నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో ఉంది. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటొచ్చి ఇక్కడ పడింది. ఆ పొరకి కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంటే అంత విపత్తు తర్వాత కూడా ఇక్కడ పనిముట్లు చేసే మనుషులున్నారన్నమాట. వాళ్లు మనలాంటి మనుషులేనా అన్నదాని మీద వాదన ఇంకా ఉంది. మా అమ్మాయి ఆ మట్టిగోడ ముందు చాలాసేపు మాట్లాడలేదు.

కానీ పిల్లాడికి అది తెల్లటి మట్టి, అంతే. అక్కడ పెద్ద చిక్కు ఇంకోటుంది. పనిముట్లు మెరుగవడం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం వల్ల కూడా జరుగుతుంది, అది శరీరంలో వచ్చిన మార్పు కానక్కర్లేదు. బూడిద పొర దగ్గర దొరికినవి రాళ్లే, మనిషి ఎముకలు కావు. ఈ తేడా ముందే చెప్పకపోతే ‘తెలివి పెరిగి కోతి మనిషయ్యాడు’ అనే పాత తప్పు ఇంకా గట్టిపడుతుంది. కోతులు మనకి పూర్వీకులు కావు, దూరపు చుట్టాలు.

అందుకే నా ఓటు కోరింగకే, ముఖ్యంగా ఎనిమిదో తరగతి లోపు పిల్లలకి. కాలమంటే ఎంత లోతో తెలియాలంటే మాత్రం జ్వాలాపురాన్ని మించింది నాకు కనపడలేదు, కాస్త పెద్దయ్యాక తప్పకుండా తీసుకెళ్లండి, దగ్గర్లోని బెలూం గుహలు కూడా కలుపుకోవచ్చు. హైదరాబాదులో ఉండి ఎక్కడికీ కదల్లేనివాళ్లు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూపించండి, ఆ ఎముకలు మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసినవే.

కోరింగ వెళ్లేముందు ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. పోటు మీదుంటే చేపలు కనపడవు, మేం మొదటి రోజు అలాగే తిరిగొచ్చాం.