జాగ్రత్త: "స్పర్జన్ సంపూర్ణ ప్రసంగాలు, 63 సంపుటాలు" అని అమ్ముతున్న సెట్ సంపూర్ణం కాదు

సేవకులకు, పుస్తకాలు కొనే విశ్వాసులందరికీ వందనాలు. ఈ సెల్లర్ ఎవరో పాస్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయను. మెరూన్ అట్ట, బంగారు అక్షరాలు, వెన్ను మీద 1 నుంచి 63 వరకు అంకెలు, ముందే డబ్బు కట్టినవాళ్ళకు తగ్గింపు. 19వ శతాబ్దంలో లండన్‌లో బోధించిన బాప్టిస్టు కాపరి చార్లెస్ స్పర్జన్ ప్రసంగాలంటూ అమ్ముతున్న ఆ సెట్ గురించే చెబుతున్నాను. పెట్టెలు వచ్చాయి. వెన్ను మీద అంకెలు వరసగానే ఉన్నాయి. లోపలున్నది మాత్రం చెప్పినది కాదు.

ముందు రెండో సంపుటం గురించి చెప్పాలి, ఎందుకంటే మోసం బయటపడింది అక్కడే. 1856 అక్టోబరు 19 రాత్రి లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాల్లో స్పర్జన్ ఆరాధన జరిపిస్తుండగా ఎవరో "నిప్పు, నిప్పు" అని అబద్ధపు కేక పెట్టారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకు అప్పటికి 22 ఏళ్ళు. ఆ దెబ్బకు మంచం పట్టినంత పనైంది. నవంబరు 2న తాను కాపరిగా ఉన్న న్యూ పార్క్ స్ట్రీట్ చాపెల్లో మళ్ళీ నిలబడి ఫిలిప్పీయులకు 2:9 మీద ప్రసంగించారు. అది 101వ నంబరు ప్రసంగం. ఈ ఉదయం పుల్పిట్ ఎక్కడానికి సాహసించినందుకు దాదాపు బాధపడుతున్నాననీ, మీకు మేలు కలిగేలా బోధించే శక్తి నాలో లేదనీ మొదటి మాటల్లోనే సంఘం ముందు ఒప్పుకున్నారు. నలిగిపోయిన ప్రతి కాపరీ చదవాల్సిన పేరా అది. ఈ సెట్‌లో ఆ పేరా లేదు. ప్రసంగం నేరుగా వాక్య వివరణతో మొదలవుతుంది. పైన తేదీ లేదు, చాపెల్ పేరు లేదు, నంబరు లేదు.

దీని గురించి అడిగితే సెల్లర్ ఇచ్చిన జవాబు ఇది: "సార్, ఇవన్నీ ఎవరు చదువుతారు? పాస్టర్లు అలమరలో పెట్టుకోడానికే కొంటారు. అలమరకు బాగానే ఉన్నాయి కదా." ఆ మాట ఇంకా చెవుల్లో మోగుతోంది. పల్లె సంఘాల కాపరులు జీతంలోంచి నెలనెలా కొంత దాచి ఇలాంటి సెట్ కొంటారు. వాళ్ళు చదవరని నిర్ణయించడానికి ఈయన ఎవరు? రిటర్న్ అడిగితే "పుస్తకాలకు రిటర్న్ ఉండదు" అని ఫోన్ పెట్టేశాడు.

అసలు సెట్ ఎలా ఉంటుందో తెలిస్తే ఈ మోసం ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. స్పర్జన్ ఆదివారం చెప్పింది షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవారు. సోమవారం ఆయన స్వయంగా దిద్దేవారు. గురువారానికి పాస్మోర్ అండ్ అలబాస్టర్ వాళ్ళు ఒక పెన్నీ వెలకు అచ్చువేసి అమ్మేవారు. 1855లో మొదలై ఏడాదికి ఒక సంపుటం చొప్పున కట్టారు కాబట్టి లెక్క చాలా తేలిక. సంపుటం నంబరుకు 1854 కలిపితే ఆ సంపుటం సంవత్సరం వస్తుంది. 10వ సంపుటం 1864ది, 38వది 1892ది, 63వది 1917ది. మొదటి 6 సంపుటాల టైటిల్ పేజీ మీద "న్యూ పార్క్ స్ట్రీట్ పుల్పిట్" అని ఉండాలి. ఆ సంఘం కొత్త మందిరం మెట్రోపాలిటన్ టాబర్నాకిల్ తెరిచిన 1861 నుంచి, అంటే 7వ సంపుటం నుంచి, "మెట్రోపాలిటన్ టాబర్నాకిల్ పుల్పిట్" అని మారాలి. ఈ సెట్‌లో 63 పుస్తకాలకూ ఒకే టైటిల్ పేజీ.

ఇంకో గుర్తు ఉంది. ఆయన 1892 జనవరి 31న ఫ్రాన్స్‌లోని మెంటన్‌లో కన్నుమూశాక కూడా మిగిలిన ప్రసంగాలు వారంవారం వస్తూనే ఉన్నాయి. యుద్ధకాలంలో కాగితం దొరక్క 1917 మేలో ఆగిపోయాయి. అందుకే 63వ సంపుటం మిగతావాటికంటే బాగా సన్నగా ఉండాలి. ఇక్కడ 63 పుస్తకాలూ ఒకే మందం. మొత్తం ప్రసంగాలు 3,560కి పైనే ఉండాలి, నంబర్లు మొదటి సంపుటం నుంచి చివరి దాకా తెగకుండా సాగాలి. ఈ సెట్‌లో ప్రతి పుస్తకంలోనూ మళ్ళీ ఒకటో ప్రసంగం నుంచి మొదలు. ఎక్కడెక్కడి ఎంపికలనో ముక్కలు చేసి, పెద్ద అక్షరాలతో లావు చేసి, 63 అట్టల్లోకి పంచారు.

తీసేసినవి ఏవో చూస్తే కడుపు మండుతుంది. 1864 జూన్‌లో మార్కు 16:15-16 మీద చెప్పిన 573వ ప్రసంగం, బాప్తిస్మం వల్లనే మనిషి ఆత్మలో తిరిగి జన్మిస్తాడన్న బోధను ఖండించినది, అసలు లేదు. లక్షల ప్రతులు అమ్ముడై, ఇంగ్లండ్ చర్చితో పెద్ద వాదం లేపిన ప్రసంగం అది. బానిసత్వాన్ని ఖండించిన మాటలు కూడా కనబడవు. ఇది పాత గాయమే. అమెరికా ముద్రణల్లో ఆ మాటలు తగ్గించారని అప్పట్లోనే గొడవ లేచింది. తన వైఖరి ఏమిటో స్పర్జన్ అమెరికా పత్రికకు ఘాటుగా రాశారు. 1860లో దక్షిణాది రాష్ట్రాల్లో ఆయన ప్రసంగాలను తగలబెట్టారు. అంత మూల్యం చెల్లించి ఆయన అన్న మాటను ఈరోజు చప్పుడు లేకుండా తీసేసి "సంపూర్ణం" అని అమ్మడం ఆయనకూ అన్యాయం, కొన్నవాళ్ళకూ అన్యాయం. అసలు సెట్‌లో తర్వాతి సంపుటాల్లో ప్రసంగం చివర ఆయన చేసిన అధ్యాయ వివరణ ఉంటుంది. ప్రసంగం సిద్ధం చేసేవాళ్ళకు బాగా పనికొచ్చే భాగం అది, మొత్తం కోసేశారు.

పునర్ముద్రించడం తప్పు కాదు. రచయిత చనిపోయి 60 ఏళ్ళు దాటితే మన దేశంలో ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. తగ్గించి వేస్తే తగ్గించామని అట్ట మీద రాయాలి.

ఇదే సెల్లర్ "దొరకని తొలి ప్రసంగాలు కూడా ఇందులోనే" అంటున్నాడు. నమ్మకండి. 1855కు ముందు ఆయన నోటుపుస్తకాల్లో రాసుకున్న ప్రసంగ సంగ్రహాలు ఈ 63లో ఎప్పుడూ లేవు, అవి విడిగా వస్తున్నాయి. కీర్తనల మీద ఆయన రాసిన "ట్రెజరీ ఆఫ్ డేవిడ్" కూడా ఈయన దగ్గర ఉంది. మొదట అది 1869 నుంచి 1885 వరకు 7 సంపుటాలుగా వచ్చింది. ప్రతి కీర్తనకూ వివరణ తర్వాత పాత రచయితల మాటలు, ఆపైన పల్లె బోధకులకు సూచనలు ఉండాలి. అవి లేకపోతే అది కుదించినది.

కొనేముందు 1, 10, 38, 63 సంపుటాల టైటిల్ పేజీలూ, 101, 573 ప్రసంగాల మొదటి పేజీలూ ఫోటోలు తీసి పంపమనండి. పంపనంటే వదిలేయండి. పార్సిల్ విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇప్పటికే డబ్బు కట్టి పెట్టెల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు రాగానే ముందు రెండో సంపుటం తెరిచి ఫిలిప్పీయులకు 2:9 ప్రసంగం చూడండి.