తేయాకు తోటల జీవద్రవ్యరాశి అంచనా: ఆప్టికల్ చిత్రాలు మేలా, రాడార్ మేలా?

తేయాకు తోట జీవద్రవ్యరాశిని, అంటే పొదల ఎండు బరువును, ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టదలచినవారు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. కావలసినది కోతకొచ్చే ఆకు బరువా, పొద మొద్దులోనూ వేళ్లలోనూ నిలిచివున్న కర్బనమా? మొదటిదానికి పనికొచ్చే సాధనం రెండోదానికి అంతగా అక్కరకు రాదు.

ఆకు వరకే అయితే సూర్యకాంతితో తీసే ఆప్టికల్ చిత్రాలదే పైచేయి. ఐరోపా వారి సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 5 రోజులకొకసారి అదే తోటమీదుగా సాగుతూ 10 మీటర్ల పిక్సెళ్లతో చిత్రాలు తీస్తాయి. వారం పది రోజులకొకసారి చిగురు కోసే తోటకు ఈ వ్యవధి చక్కగా సరిపోతుంది, మబ్బు అడ్డుపడనంతవరకు. చిక్కల్లా ఎరుపు, సమీప పరారుణ కాంతుల తేడాతో పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ సూచికతోనే. ముదురు తోటలో పొదల పైభాగాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి నేలను కప్పేస్తాయి కనుక, ఎరుపు కాంతిని పైపొరలోని ఆకులే చాలావరకు పీల్చుకుంటాయి. ఆపైన కింద ఎన్ని ఆకులు చేరినా సూచిక పెద్దగా కదలదు. ఎరుపుకూ సమీప పరారుణానికీ నడుమ, 705, 740 నానోమీటర్ల దగ్గరున్న రెడ్ ఎడ్జ్ పట్టీలు ఈ దశ దాటాక కూడా తేడాలను కొంతవరకు పట్టిస్తాయి. వాటి పిక్సెల్ 20 మీటర్లు కావడం చిన్న మడులకు ఇబ్బందే.

తానే రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చేవాటిని అందుకునే రాడార్‌కు మబ్బు అడ్డు కాదు. అయితే సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం వాడే సి-బ్యాండ్ తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లే కావడంతో అది ఎక్కువగా పైకొమ్మల నుంచే వెనుదిరుగుతుంది. ఆకుల తడి, కొండవాలు దాన్ని మరింత తికమకపెడతాయి. దాదాపు 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్ ఇంకా లోతుకు చొరబడుతుంది. జపాన్ ఉపగ్రహం ఆలోస్-2లోనూ, ఇస్రో, నాసా కలిసి 2025లో ప్రయోగించిన నిసార్‌లోనూ ఉన్నది ఇదే. ఇక్కడ నీడ చెట్లతో పేచీ వస్తుంది. 10 మీటర్ల చదరంలో వందకు పైగా తేయాకు పొదలు పట్టవచ్చు గాని, వాటి నడుమ నిలిచిన ఒక్క సిల్వర్ ఓక్ మాను ఆ సంకేతాన్నంతా తనవైపు లాక్కోగలదు. లేజర్ కాంతితో ఎత్తులు కొలిచే, అడవులకు బాగా పనికొచ్చే లైడార్‌కూ ఇక్కడ కష్టమే: మీటరు ఎత్తు పొద నుంచి వచ్చే ప్రతిధ్వని వాలు నేల ప్రతిధ్వనిలో కలిసిపోతుంది.

కొన్నేళ్లకొకసారి చేసే కత్తిరింపు ఈ పోలికను మరింత మెలిపెడుతుంది. కత్తిరించిన మడి ఆప్టికల్ చిత్రంలో బోడినేలలా కనిపిస్తుంది, అయినా కర్బనంలో పెద్ద భాగం మొద్దులోనూ వేళ్లలోనూ పదిలంగానే ఉంటుంది. అదే ఏడాది అదే పచ్చదనం చూపే రెండు మడుల్లో ఒకటి లేతది, ఇంకొకటి దశాబ్దాల నాటిది కావచ్చు. అందుకే కర్బనం లెక్కకు ఇంకో ఉపగ్రహాన్ని వెతకడం కన్నా, మడులవారీగా నాటిన సంవత్సరం, చివరి కత్తిరింపు తేదీ రాసిపెట్టిన తోట రిజిస్టరును చేతిలోకి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఒక్కటే ఎంచుకోవలసివస్తే, నేను రెడ్ ఎడ్జ్‌తో కూడిన సెంటినెల్-2నే తీసుకుంటాను. నీడ చెట్లున్న పిక్సెళ్లను వేరు చేసి, వానాకాలపు ఖాళీలను పూరించడానికి మాత్రమే రాడార్‌ను పిలుస్తాను. నమూనా పొదలను పెళ్లగించి, ఎండబెట్టి తూచేటప్పుడు కత్తిరింపు చక్రంలోని ప్రతి ఏడాది నుంచీ కొన్నింటిని తీసుకోవాలి. అలా చేయకపోతే ఉపగ్రహ సంకేతాన్ని బరువుగా మార్చే సూత్రం నిండుగా ఉన్న మడులకు ఒక తీరుగా, కత్తిరించిన మడులకు ఇంకో తీరుగా తప్పుతుంది.