మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా?

నెల్లూరు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గుండె వాల్వ్ మార్చాలన్న ఆసుపత్రి ఫైలు పట్టుకొని ఇంటికొస్తారు. "నాయనా, నువ్వు చేసేది ఇదే పని గదా. ఏది వేయించమంటావు?" నేను ల్యాబ్‌లో చేసేది రక్తం గడ్డకట్టని పూతల పని, కాబట్టి అడగడం న్యాయమే.

మెటల్ వాల్వ్ అరగదు గానీ రక్తం గడ్డకట్టనీయని ఎసిట్రోమ్ మాత్ర జీవితాంతం మింగాలి. ఆవు, పంది కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్‌కు చాలామందికి మొదటి కొన్ని నెలలు మింగితే చాలు. కానీ పది పదిహేనేళ్లకు అది సున్నం పట్టి బిగుస్తుంది, చిన్న వయసువాళ్లకైతే ఇంకా ముందే.

మెటల్ వాల్వ్ రెక్కల మీదుండే పైరోలిటిక్ కార్బన్ పూత వేలికి అద్దంలా నున్నగా తగులుతుంది. రక్తానికి మాత్రం అది పరాయి వస్తువే. తగిలిన క్షణాల్లో గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ అనే రక్తంలోని ప్రోటీన్ అంటుకుంటుంది, దాని మీద ప్లేట్‌లెట్లు చేరతాయి. మన రక్తనాళాల లోపలి పొర ప్రాణమున్నది, గడ్డ కట్టనీయకుండా తనే చూసుకుంటుంది. అలాంటి పూత కోసమే మా తంటాలన్నీ. ఇవాళ ఆపరేషన్‌కు పోయేవాళ్లకు అది ఇంకా చేతికి రాలేదు. నెలనెలా పరీక్ష అక్కరలేని కొత్త మాత్రలూ మెటల్ వాల్వ్‌కు పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌తో చేసిన ప్రయోగాన్ని గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువయ్యాయని మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి.

అందుకే నేను ముందు అడిగేది ఒక్కటే: మాత్ర మీద రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష మీ ఊరికి ఎంత దూరం?

మా పిన్నమ్మది ఉదయగిరి దగ్గర పల్లె. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యనుండే మైట్రల్ చోట మెటల్ వాల్వ్, ఐఎన్ఆర్ 2.5కి తగ్గకూడదు. నెల్లూరు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఆమె పరీక్షల పుస్తకంలో జూన్ తర్వాత పేజీలన్నీ ఖాళీ. ఒక రాత్రి, "గుండెలో వాల్వ్ ఎప్పుడూ టిక్ టిక్ మంటుండేది, రెండ్రోజులుగా వినపడలా" అనింది. వాల్వ్ మీద గడ్డ. వేళకు చేర్చాం కాబట్టి మందుతో కరిగింది.

అరవై అయిదు దాటినవాళ్లకు నేను టిష్యూనే అంటాను. ముప్పైల్లో ఉండి, పరీక్ష దగ్గర్లో ఉంటే మెటల్. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు మాత్రం ఈ మాత్రల వల్ల గర్భానికి ఉండే ముప్పు గురించి డాక్టర్‌ను ముందే అడగాలి. పరీక్ష అందని పల్లెల్లో యాభైల్లో ఉన్నవాళ్లకైనా నా మొగ్గు టిష్యూకే, రెండో ఆపరేషన్ తప్పకపోవచ్చని తెలిసే చెబుతున్నా.

1990లో తిరువనంతపురంలో తొలిసారి అమర్చిన మన దేశపు చిత్ర వాల్వ్ చవకే, అదీ మెటల్ రకమే కాబట్టి మాత్ర దానికీ తప్పదు. ఛాతీ కోయకుండా కాలి రక్తనాళం గుండా ఎక్కించే టావీ వాల్వ్ కూడా టిష్యూనే, ఖర్చు లక్షల్లో.

పిన్నమ్మకు వాళ్లబ్బాయి వేలి రక్తపు చుక్కతో చూసే మీటరు కొనిచ్చాడు. పదిహేను రోజులకోసారి అంకె నాకు వాట్సాప్‌లో వస్తుంది. మొన్నటిది 2.8.