హోమియోనా, థెరపీనా? నన్నడిగే అమ్మలకు

"అక్కా, హోమియోతో ఆటిజం తగ్గుతుందంటాండారు, నిజమేనా?" నెలకు నలుగురైదుగురు ఇదే అడుగుతున్నారు. గుంతకల్లు నుంచి, పులివెందుల నుంచి, మొన్న ధర్మవరం నుంచి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో గంటసేపు చెప్పడం కంటే ఒకసారి రాసిపెడితే పోతుందనిపించింది. ఆటిజం అంటే ఏమిటో ఇక్కడ చెప్పను. ఈ ప్రశ్న అడిగేదాకా వచ్చినవాళ్లకు అది తెలిసే ఉంటుంది.

మాది అనంతపురం. మా వాడికి ఇప్పుడు ఆరేళ్లు. రెండున్నరేళ్లప్పుడు పిలిస్తే పలికేవాడు కాదు, తిరిగే ఫ్యాను కింద పడుకుని దాన్నే చూసేవాడు. "వాళ్ల నాయనకూ మూడేండ్లు దాటినాకే మాటలొచ్చినాయి" అనేది మా అత్త. బెంగళూరు తీసుకెళ్లాం. అక్కడ పావుగంటలో ఆటిజం అని చెప్పి, థెరపీ, అంటే మాటలూ ఆటలతో నేర్పించే శిక్షణ, మొదలుపెట్టండని కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, మరుసటి వారమే ఊళ్లో ఒక హోమియో డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మొత్తం పదకొండు నెలలు వాడాం. అందులో చివరి నాలుగు నెలలే థెరపీ కూడా నడిచింది.

ఎందుకు వెళ్లామంటే, ఆయన విన్నారు. గంటన్నర. నేను కడుపుతో ఉన్నప్పుడు ఏం తినాలనిపించేది, పిల్లాడు బోర్లా పడుకుంటాడా, ఉరుములకు భయపడతాడా, ఉప్పు ఇష్టమా తీపి ఇష్టమా, అన్నీ అడిగి రాసుకున్నారు. ఆ గంటన్నరలో రెండుసార్లు ఏడ్చాను. అంతవరకు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు మరి. ఈ ఒక్క విషయంలో హోమియోకు నూటికి నూరు మార్కులు వేస్తాను. పైగా గుళికలు తియ్యగా ఉంటాయి, మందు తాగించే యుద్ధం ఉండదు. ఖర్చు నెలకు పన్నెండొందలు. థెరపీకైతే ఆటో ఛార్జీలు కాక ఆరువేలు దాటేది.

ఆయన ఇచ్చింది బెరైటా కార్బ్, 200 పొటెన్సీ. పొటెన్సీ అంటే బలం అనుకున్నాను. అసలు లెక్క తర్వాత తెలిసింది: మందును నూరింతలు పలచన చేసి, అందులోంచి కొంచెం తీసి మళ్లీ నూరింతలు చేసి, అలా 200 సార్లు. పన్నెండు సార్లు దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువు మిగిలితే గొప్ప. 1796లో హానెమాన్ జర్మనీలో ఈ పద్ధతి మొదలుపెట్టేనాటికి చుక్కలో ఎన్ని అణువులుంటాయో లెక్కగట్టడం ఎవరికీ రాదు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి అంతకుముందు జరిగిన అధ్యయనాలను తిరగేసి, ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. అలాగని దాన్ని దొంగ వైద్యం అనను. మన ప్రభుత్వం గుర్తించిన వైద్యమే, కడపలో సర్కారు హోమియో కాలేజీ కూడా ఉంది. ఆ డాక్టరూ మోసగాడు కాదు, నమ్మే ఇచ్చారు.

మొదటి నెల వాడు రాత్రుళ్లు ఎక్కువగా ఏడ్చాడు. "మందు పట్టిందమ్మా, మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది" అన్నారు. మూడో నెలలో కాస్త నిద్రపోయాడు. "చూశారా?" అన్నారు. ఆరో నెలకు మార్పేమీ లేదు. "లోపలి జబ్బు కదా, టైం పడుతుంది" అన్నారు. పెరిగినా తగ్గినా అట్లే ఉన్నా మందే గెలుస్తుంటే, అది పని చేయడం లేదని తెలిసేదెట్లా?

అంతకంటే నన్ను ఇప్పటికీ కోసేది, ఆ ఏడు నెలలు నేనేం చేశానన్నది. గుళికలు నాలుక మీద వేశాను. అరగంట ఏమీ పెట్టకుండా చూసుకున్నాను. వెల్లుల్లి, కాఫీ వాసన తగలకుండా సీసాలు దాచాను. మిగతా పగలంతా వాడు ఫ్యాను చూశాడు, నేను వాణ్ని చూశాను.

థెరపీలో మొదటిరోజు స్పీచ్ మేడం అడిగింది ఒకటే. "వీడికి బాగా ఇష్టమైంది ఏంది?" బొరుగులు అన్నాను. "అయితే గిన్నెడు ఒకేసారి ఇయ్యద్దండి. నాలుగు గింజలు ఇచ్చి ఆపండి. మీ మొహం దగ్గర పట్టుకోండి. మీ వైపు చూసినా, ఏదో ఒక సద్దు చేసినా వెంటనే ఇయ్యండి. 'ఇంగ' (ఇంకా కావాలి) అని మీరే అనండి, ఒక్క మాటే." చీర ఉయ్యాల ఊపుతూ మధ్యలో ఆపి ఎదురుచూడమంది. పాట సగంలో ఆపమంది. వారానికి మూడుసార్లు, ముప్పావుగంట చొప్పున ఆమె చేసింది తక్కువే. ఇంట్లో రోజంతా చేసింది నేనూ మా ఆయనా. ఏడో వారంలో బొరుగుల గిన్నె చూపించి "ఇంగ" అన్నాడు. "హోమియో పనిచేసింది సూడు" అనింది మా అత్త.

రెండూ కలిపి వాడితే ఏం పోయిందని అడుగుతారు. పేరు గుళికలకు పోతుంది, అదే పోయేది. ప్రొద్దుటూరులో చెల్లెలి పెళ్లికి పోయినప్పుడు సీసాలు ఇంట్లోనే మరిచిపోయాను. పద్దెనిమిది రోజులు మందు లేదు, వాడిలో ఏ తేడా లేదు. తర్వాత నాకు జ్వరమొచ్చి పదిరోజులు ఆటలు ఆగితే "ఇంగ" మాయమైంది, మళ్లీ చెయ్యి పట్టి లాగడం మొదలైంది. ఒక్క పిల్లాడితో రుజువైపోయిందని అనను, కానీ నాకు సరిపోయింది. ఆ నెలతో సీసాలు ఆపేశాను.

థెరపీ అనే పేరుంటే చాలనీ అనుకోవద్దు. తర్వాత మేము మారిన ఒక సెంటర్లో పిల్లాణ్ని లోపలికి తీసుకుని తలుపేసేవాళ్లు. ఏం చేశారంటే "బాగా కోఆపరేట్ చేశాడండీ" అనేవాళ్లు, అంతే. లోపల ఏం జరిగిందో, ఇంటికెళ్లి ఏం చేయాలో చెప్పని థెరపీ కూడా నా లెక్కలో గుళికే. మూడు నెలలకు మానేశాం. థెరపీతో ఆటిజం పోదు కూడా. పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే అక్కణ్నుంచి వచ్చేయండి.

డబ్బుకు ఇబ్బందైతే జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే సర్కారు కేంద్రం) ఎక్కడని అడగండి, అక్కడ ఉచితం. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం సర్కారు భవిత కేంద్రాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కాబట్టి సదరం (వైకల్య) సర్టిఫికెట్ వస్తుంది. ఇలాంటి పిల్లలకు కేంద్రం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా, అందులో థెరపీ ఖర్చులూ పెట్టుకోవచ్చు.

మిగతావి క్లుప్తంగా. స్టెమ్ సెల్స్: లక్షలు పోస్తారు, వద్దు. గోధుమలు, పాలు మానేయడం: సంగటి తినే ఇంట్లో గోధుమలు మానడం కష్టం కాదు గానీ, మాకేమీ కనబడలేదు. తాయెత్తు కట్టించాం, ఉండనీ.

రెండు మాత్రం గట్టిగా చెప్తాను. పిల్లాడికి ఫిట్స్ ఉంటే ఆ మందులు హోమియో కోసం ఆపకండి. టీకాల వల్లే వచ్చిందని ఎవరన్నా అంటే నమ్మకండి. ఆ గోల లేపిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

ధర్మవరం అమ్మాయి అడిగింది: "పాపకు రెండున్నరేళ్లక్కా. ముందు ఆర్నెల్లు హోమియో చూసి, తగ్గకపోతే థెరపీకి పోతాం." అమ్మా, ముందు ఆర్నెల్లు థెరపీ చూడు. ఆ తర్వాత కూడా హోమియో మీదికి మనసు పోతే వేసుకో, నేను వద్దనను.

మా ఇంట్లో ఆ సీసాలు ఇరవై పైనే ఉన్నాయి. పారేయలేదు. వాటిని గోడవారన వరసగా పేర్చడం మా వాడికి మహా ఇష్టం. మూతలు గట్టిగా బిగించి, ఒక్కోదాంట్లో రెండు బొరుగులు వేసి ఇస్తాను. వాడికి మూత రాదు. సీసా తెచ్చి నా మొహం ముందు పెట్టి, "అమ్మా, తియ్యి" అంటాడు.